గేమ్ కన్సోల్‌కి పవర్ బ్యాంకు పెట్టొచ్చా? పెట్టొచ్చు, ఆ 700 రూపాయలది మాత్రం వద్దు

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. నిరుడు మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ వాడికి నింటెండో స్విచ్ ఓలెడ్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ తెచ్చిచ్చింది. ఛార్జరు అమెరికా పిన్నుది కావడంతో కన్వర్టర్ తగిలించి వాడుతున్నాం. కరెంటు పోయినా, రైలెక్కినా ఛార్జింగ్ అయిపోయిందని ఒకటే గొడవ. పవర్ బ్యాంకు కొందామంటే మా మరిది "బోర్డు కాలిపోతుంది వదినా, అందులోనూ ఇప్పుడొచ్చేవన్నీ 65 వాట్లవి" అని భయపెడుతున్నాడు. మా వీధి చివర సెల్ షాపు అబ్బాయేమో "ఏం కాదక్కా, 50000 ఎంఏహెచ్‌ది 700కి ఇస్తా, నెల రోజులు ఛార్జింగ్ మాటే ఉండదు" అంటున్నాడు. మే నెలలో ఎమిరేట్స్‌లో దుబాయ్ మీదుగా డల్లాస్ వెళ్తున్నాం. అంతసేపు విమానంలో వీణ్ణి కూర్చోబెట్టాలంటే పవర్ బ్యాంకు ఉండాల్సిందే. ఎవరి మాట వినాలి? ఆడుతూ ఛార్జింగ్ పెడితే బ్యాటరీ ఉబ్బుతుందంటారు, నిజమేనా?
– పేరు రాయవద్దు, ఖమ్మం

జవాబు: ఇద్దరి మాటా వినకండి. మీ మరిది భయం పొరపాటు భయం, నష్టమేమీ లేదు. షాపు అబ్బాయి ధైర్యం మాత్రం ఇంట్లోకి ప్రమాదం తెచ్చే ధైర్యం.

ముందు మరిది గారి సంగతి. స్విచ్‌తో వచ్చిన ఛార్జరు తిప్పి, దాని మీద సన్న అక్షరాలు చదవమనండి. అవుట్‌పుట్ దగ్గర రెండు వరుసలుంటాయి. ఒకటి 5 వోల్టులు, 1.5 యాంపులు. రెండోది 15 వోల్టులు, 2.6 యాంపులు. రెండోదాన్ని గుణిస్తే 39 వాట్లు. అంటే ఏడాదిగా మీ ఇంట్లో 39 వాట్ల ఛార్జరే వాడుతున్నారు, బోర్డు కాలలేదు. పైగా చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు స్విచ్ ఎంత పెద్ద ఛార్జరు తగిలించినా దాదాపు 18 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. మిగతాది టీవీకి తగిలించే డాక్ కోసం. పనిలో పని, అదే ఛార్జరు మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని కూడా ఉంటుంది. కాబట్టి మన 230 వోల్టులకు పిన్ను మార్చే ముక్క చాలు, వోల్టేజీ తగ్గించే బరువైన డబ్బా అక్కర్లేదు.

65 వాట్లు అనేది పవర్ బ్యాంకు ఇవ్వగలిగిన హద్దు. అంత ఇచ్చి తీరుతుందని కాదు. సీ-టైప్ కేబుల్ రెండు వైపులా పెట్టగానే బ్యాంకు, కన్సోల్ ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. అంతవరకు నియమం ప్రకారం తయారైన సీ-టైప్ పోర్టు అసలు కరెంటే వదలదు. గుర్తుపట్టాక మొదట 5 వోల్టులు మాత్రమే వస్తుంది. ఆ తర్వాత బ్యాంకు తన దగ్గరున్న వరుసలు చెబుతుంది: 5 ఉంది, 9 ఉంది, 15 ఉంది, 20 ఉంది అని. కన్సోల్ తనకు కావాల్సింది అడుగుతుంది. అడిగిందే వస్తుంది. అడగకపోతే 5 దగ్గరే ఉండిపోతుంది. బంతిలో వడ్డించేవాడి గంపలో ఎంతున్నా, ఆకు ముందు కూర్చున్నవాడు చెయ్యి అడ్డం పెడితే పడదు కదా, అంతే. ఈ మాట్లాడుకునే పద్ధతినే పవర్ డెలివరీ అంటారు. డబ్బాల మీద పీడీ అని రాసేది దీన్నే.

ఇక్కడో తమాషా ఉంది. మీ మరిది భయపడుతున్న పెద్ద బ్యాంకే మీ స్విచ్‌కి బాగా సరిపోతుంది. యూఎస్‌బీ నియమాల ప్రకారం 15 వాట్లు దాటిన పీడీ సాధనంలో 9 వోల్టులు, 27 దాటితే 15 వోల్టులు, 45 దాటితే 20 వోల్టులు ఉండి తీరాలి. స్విచ్‌కి ఇష్టమైన 15 వోల్టులు కాబట్టి 30 వాట్ల బ్యాంకులోనూ, 65 వాట్ల దాంట్లోనూ దొరుకుతుంది. చవగ్గా దొరికే 18, 20 వాట్ల వాటిలో అది సాధారణంగా ఉండదు. వాటితో ఏమీ చెడిపోదు, ఎక్కడం నెమ్మది, అంతే. మన షాపుల్లో బాగా కనిపించే 22.5 వాట్ల అంకె చూసి మోసపోకండి. అది కొన్ని ఫోన్ల సొంత వేగపు పద్ధతికి సంబంధించిన లెక్క. స్విచ్‌కి ఆ భాష రాదు. సీ-టైప్ పోర్టు పక్కన పీడీ ఎంత అని రాసుందో అదొక్కటే చూడండి.

మరి బోర్డులు కాలిన కథలు ఉత్తవేనా? కాదు. మీ మరిది ఎక్కడో విన్నది నిజమే అయ్యుంటుంది, కారణం వేరు. 2018 మార్చిలో స్విచ్‌కి 5.0 అప్‌డేట్ వచ్చాక, నింటెండోవి కాని కొన్ని డాక్‌లకు తగిలించిన కన్సోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. అవి టీవీకి కలిపే డాక్‌లు, పవర్ బ్యాంకులు కావు. కానీ ఆ దెబ్బతో "స్విచ్‌కి బయటిదేదీ పెట్టకూడదు" అనే మాట ప్రపంచమంతా పాకింది. ఆ మాటలో కొంత నిజం తీసుకోండి: ఊరూ పేరూ లేని డాక్ కొనొద్దు. మిగతాది వదిలెయ్యండి.

నాకు బ్యాంకు కంటే ఎక్కువ అనుమానం కేబుల్ మీద. మీ స్విచ్ ఛార్జరుకు కేబుల్ ఊడిరాదు, దానికే అతుక్కుని ఉంటుంది. కాబట్టి పవర్ బ్యాంకుకు మీరు వేరే కేబుల్ వెతకాలి, అక్కడే జనం 50 రూపాయల తీగ తెచ్చి పెడతారు. 2016 ఫిబ్రవరిలో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ ఇలాంటి కేబుల్ ఒకదాన్ని పరీక్షించబోయి తన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్‌నీ, కొలిచే పరికరాల్నీ ఒక్క క్షణంలో పోగొట్టుకున్నాడు. విప్పి చూస్తే లోపల కరెంటు వచ్చే తీగ, గ్రౌండు తీగ తారుమారుగా అతికించి ఉన్నాయి. ఉండాల్సిన 56 కిలో ఓమ్‌ల రెసిస్టరుకు బదులు 10 కిలో ఓమ్‌లది ఉంది. ఆ చిన్న ముక్క తప్పయితే కేబుల్ అవతలి సాధనానికి "నా వెనక 3 యాంపులున్నాయి, లాక్కో" అని అబద్ధం చెబుతుంది. పాత పోర్టు వెనక అంత లేకపోతే పోర్టు వేడెక్కి కాలుతుంది. ఆ తర్వాతి నెలలోనే అమెజాన్ నియమాలకు సరిపడని సీ-టైప్ కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

మీరు చేయాల్సింది చిన్న పని. రెండు వైపులా సీ-టైప్ ఉన్న కేబుల్, పేరున్న కంపెనీది, 60 వాట్లు అని రాసింది ఒకటి కొనండి. ఇంట్లో ఏదైనా ఫోనుతో పెట్టెలో వచ్చిన సీ-టు-సీ కేబుల్ ఉంటే అదీ సరిపోతుంది. ఒక వైపు వెడల్పు పాత పిన్ను ఉన్నదైతే 5 వోల్టులే వస్తుంది, ప్రమాదం లేదు, వేగమూ లేదు. ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడనిది మరొకటుంది: ల్యాప్‌టాప్ గుండ్రటి పిన్నును సీ-టైప్‌గా మార్చే ముక్కలు. వాటిలో కొన్ని అడగకుండానే 12 లేదా 20 వోల్టులు పంపిస్తాయి. నేను పైన చెప్పిన మాటామంతీ అక్కడ జరగదు. బోర్డు నిజంగా కాలేది అలాంటప్పుడే.

ఇక షాపు అబ్బాయి 50000. కాగితం తీసుకోండి, లెక్క వేద్దాం. పవర్ బ్యాంకులో ఉండే సెల్లు మామూలుగా 3.7 వోల్టులది. 50000 ఎంఏహెచ్ అంటే 50 యాంపు అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే 185 వాట్ అవర్లు, అంటే బ్యాంకులో నిల్వ ఉండే మొత్తం శక్తి. బొటనవేలంత లావుండే గుండ్రటి లిథియం సెల్లులో మంచిదైనా మామూలుగా 3500 ఎంఏహెచ్ మించదు. బరువు 45 నుంచి 48 గ్రాములు. 50000 రావాలంటే అలాంటివి దాదాపు 15 పెట్టాలి. మామూలు 2600 సెల్లులైతే ఇరవై దాకా. అంటే సెల్లుల బరువే 700 గ్రాముల నుంచి 900 గ్రాముల దాకా ఉండాలి, పైన డబ్బా, బోర్డు వేరు. ఆ అబ్బాయి ఇచ్చేది చేతిలోకి తీసుకుని చూడండి. పావు కిలో ఉంటే గొప్ప. లోపల ఎన్ని సెల్లులున్నాయో, అవి ఏ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి ఊడబెరికినవో ఎవరికీ తెలియదు. ఎక్కువ ఛార్జయితే ఆపే బోర్డు ఉందో లేదో కూడా తెలియదు. ఒకవేళ అది నిజంగానే 50000 అయితే ఇంకో చిక్కు: విమానాల్లో 160 వాట్ అవర్లు దాటినదాన్ని అసలు అనుమతించరు. నిజమైతే విమానం ఎక్కనివ్వరు, అబద్ధమైతే ఇంట్లో ఉండనివ్వకూడదు. నెల రోజుల మాటంటారా, నిజమైన 185 వాట్ అవర్లతోనైనా మీ స్విచ్ ఏడెనిమిది సార్లు నిండుతుంది. సెలవుల్లో ఏడో తరగతి పిల్లాడికి అది వారం కూడా రాదు.

మీకు ఎంత కావాలో కూడా ఇదే లెక్క చెబుతుంది. స్విచ్ ఓలెడ్ లోపలి బ్యాటరీ 4310 ఎంఏహెచ్, సుమారు 16 వాట్ అవర్లు. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 37 వాట్ అవర్లు. కాగితం మీద రెండుసార్లకు పైనే నిండాలి. నిజంలో నిండదు, 3.7ను 5కో 15కో పెంచడంలో కొంత, మళ్లీ కన్సోల్ లోపల దించడంలో కొంత వేడిగా పోతుంది. మూడింట రెండు వంతులు చేతికొస్తే మంచి బ్యాంకే. కాబట్టి 10000తో ఒకటిన్నర సార్లు, 20000తో మూడు సార్లు అనుకోండి. మంచి కంపెనీలు దీన్ని దాచవు. 10000 అని పెద్దక్షరాలతో వేసి, కింద రేటెడ్ కెపాసిటీ 6000 చిల్లర అని వేస్తాయి. ఆ రెండో అంకె కనబడితే కంపెనీ మీద నాకు గౌరవం పెరుగుతుంది, కనబడకపోతే తగ్గుతుంది.

రైలు ప్రయాణాలకు, కరెంటు కోతలకు 10000 చాలు. ఇంట్లో ఫోన్లకీ అదే వాడతారనుకుంటే 20000 తీసుకోండి. అది 74 వాట్ అవర్లు, విమానాల్లో మామూలుగా అనుమతించే 100 వాట్ అవర్ల హద్దుకు లోపలే. పీడీ 30 వాట్లు లేదా ఆ పైన. మన దేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే ఆప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుకి, ఏ వస్తువుకి ఇచ్చిందో చూపిస్తుంది. షాపులో నిలబడే చూడొచ్చు. పవర్ బ్యాంకు మీద అచ్చేసిన నంబరు ఎల్‌ఈడీ బల్బుకో మరోదానికో ఇచ్చినదని తేలితే డబ్బులు జేబులోనే ఉంచుకుని బయటికొచ్చెయ్యండి.

పేరున్న కంపెనీ అయినంత మాత్రాన కళ్లు మూసుకోనక్కర్లేదు. 2025 జూన్‌లో యాంకర్ కంపెనీ అమెరికాలో 2016 నుంచి 2022 దాకా అమ్మిన తన పవర్‌కోర్ 10000లో ఒక మోడల్‌ను, దాదాపు 11 లక్షల 58 వేల బ్యాంకుల్ని, అంటుకునే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచింది. పెద్ద కంపెనీకీ చిన్న కంపెనీకీ తేడా తప్పు జరగకపోవడంలో లేదు, జరిగినప్పుడు మోడల్ నంబరుతో బయటపెట్టి బదులు ఇవ్వడంలో ఉంది. మీ ఆడపడుచు వాళ్లింట్లో పాత బ్యాంకు ఏదైనా ఉంటే మోడల్ నంబరు చూడమని చెప్పండి, అలాంటివి అక్కడి ఇళ్లలో సొరుగుల్లో ఇంకా ఉంటాయి.

ఆడుతూ ఛార్జింగ్ పెట్టడం గురించి. పెట్టొచ్చు. నింటెండోనే ఓలెడ్ మోడల్‌కి ఒక నిండు ఛార్జితో నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు ఆట అని చెప్పింది. 16 వాట్ అవర్లను నాలుగున్నరతో భాగిస్తే, బరువైన ఆట కూడా గంటకు మూడున్నర వాట్ అవర్ల చొప్పునే తింటుంది. కాబట్టి 5 వోల్టుల మామూలు పోర్టు ఇచ్చే ఏడున్నర వాట్లలోనూ ఆటకు పోను మిగులుతుంది. బ్యాటరీ నిండగానే కన్సోలే ఆపేస్తుంది. ఉబ్బడానికి కారణం ఛార్జింగ్ పెట్టి ఆడటం కాదు. వయసు మీరడం, తయారీ లోపం, అన్నిటికీ మించి వేడి. లోపలి ద్రవం విరిగి వాయువవుతుంది, అది పోయే దారి లేక బ్యాటరీ పైసంచి పొంగుతుంది.

ఖమ్మంలో ఉన్నవాళ్లకు వేడి గురించి నేను చెప్పాలా! కానీ చెప్పకా తప్పదు. స్విచ్‌ని 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని నింటెండో అంటుంది. లిథియం సెల్లుకు ఛార్జింగ్ పెట్టదగిన హద్దు మామూలుగా 45 డిగ్రీలు. మేలో మీ ఊళ్లో మధ్యాహ్నం నీడలోనే 43, 44 ఉంటుంది. ఆడుతున్న కన్సోల్ వేడి, ఎక్కుతున్న బ్యాటరీ వేడి, కరెంటు పంపుతున్న బ్యాంకు వేడి దాని మీద పడతాయి. కరెంటు పోయి ఫ్యాను కూడా ఆగిన గదిలో, సరిగ్గా మీకు పవర్ బ్యాంకు అవసరమైన వేళలోనే, ఈ మూడూ కలుస్తాయి. అలాంటప్పుడు ఆట ఆపి, కన్సోల్‌ని స్లీప్‌లో పెట్టి ఛార్జింగ్ ఎక్కించండి. లేదా ఛార్జింగ్ తీసేసి ఆడనివ్వండి. రెండూ ఒకేసారి వద్దు. బ్యాంకు ముట్టుకుంటే వెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి ఆన్చి ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసెయ్యండి.

స్విచ్ పైఅంచున ఉన్న సన్నటి చీలికల్లోంచి వేడిగాలి బయటికొస్తుంది. దాన్ని దిండు మీద పెట్టినా, దుప్పటి కింద దాచుకుని ఆడినా ఆ దారి మూసుకుపోతుంది. మీ వాడు దుప్పటి కింద ఆడడని మీరనుకుంటున్నారేమో, ఆ వయసు పిల్లలందరూ ఆడతారు. బ్యాంకునీ, కన్సోల్‌నీ ఒకే సంచిలో కేబుల్‌తో కలిపి కుక్కి ఛార్జింగ్ పెట్టడం కూడా ఇంతే తప్పు. గోడకు బ్యాంకు ఛార్జవుతుండగా దానికి కన్సోల్ తగిలించొద్దు. ఎండలో ఆపిన కారులో రెండింటిలో ఏదీ వదలొద్దు.

ఒక చిన్న ఇబ్బంది మీరు గమనించే ఉంటారు. ఛార్జింగ్ పోర్టు అడుగున ఉంది. వెనక స్టాండు తీసి బల్ల మీద నిలబెడితే కేబుల్ పెట్టడానికి చోటుండదు. పిల్లలు కేబుల్ వంచి, కన్సోల్‌ని దాని మీదే ఆన్చి ఆడేస్తారు, పోర్టు వదులైపోతుంది. స్విచ్‌ని మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు. పోర్టు పోతే హైదరాబాద్‌లో జగదీశ్ మార్కెట్ లాంటి చోట చెయ్యి తిరిగినవాణ్ణి వెతుక్కోవాల్సిందే. ఎల్ ఆకారపు పిన్నున్న కేబుల్ కొంటే చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు వంపు భారం పోర్టు మీద పడదు. బల్ల మీద పెట్టి ఆడాలంటే అడుగున ఖాళీ ఉండే చిన్న స్టాండు దొరుకుతుంది.

ఇంకో వింత. బ్యాంకుకీ కన్సోల్‌కీ రెండిటికీ ఇచ్చే, పుచ్చుకునే శక్తి ఉన్న సీ-టైప్ పోర్టులుంటే అప్పుడప్పుడు దిశ తారుమారవుతుంది, కన్సోలే బ్యాంకును నింపడం మొదలుపెడుతుంది. పెట్టగానే తెర మీద ఛార్జింగ్ గుర్తు వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే తీసి, బ్యాంకు బటన్ నొక్కి మళ్లీ పెట్టండి.

ఇప్పుడు మీ ప్రయాణం. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. మీరు ఏ విమానం కోసం పవర్ బ్యాంకు కొంటున్నారో ఆ విమానంలో దాన్ని వాడనివ్వరు. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్‌లో ఒక్కో ప్రయాణికుడు 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు ఒక్కటి వెంట తెచ్చుకోవచ్చు, అంతే. దానితో ఏదీ ఛార్జ్ చేయకూడదు, విమానం కరెంటుతో దాన్నీ ఛార్జ్ చేయకూడదు. సామర్థ్యం దాని మీద స్పష్టంగా అచ్చేసి ఉండాలి. తల మీది అరలో పెట్టకూడదు, ముందు సీటు జేబులోనో, సీటు కింద పెట్టే సంచిలోనో ఉండాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇలాంటి నిషేధాన్ని అదే ఏడాది ఏప్రిల్ 1నే పెట్టింది.

ఇదంతా చాదస్తం కాదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గింహే విమానాశ్రయంలో, ఇంకా గాల్లోకి లేవని ఎయిర్ బుసాన్ విమానంలో మంటలు లేచాయి. లోపలున్న 176 మందీ బయటపడ్డారు, విమానం పైకప్పు కాలిపోయింది. సామాన్ల అరలోని పవర్ బ్యాంకులో లోపలి ఇన్సులేషన్ దెబ్బతిని ఉండొచ్చని దర్యాప్తులో తేల్చారు. అరలో ఉంటే పొగ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. కళ్ల ముందుంటే వెంటనే తెలుస్తుంది. అందుకే ఆ నియమం.

చెక్-ఇన్ సామానులో పవర్ బ్యాంకు పెట్టనే కూడదు, ఏ విమానమైనా సరే. పెడితే స్కానింగులో దొరికి, మీరు గేటు దగ్గర ఉండగా పిలుస్తారు. స్విచ్ కూడా చేతిసంచిలోనే ఉంచండి. వాట్ అవర్లు అచ్చేసి లేని బ్యాంకును భద్రతా సిబ్బంది తీసిపారేసినా మీరేమీ అనలేరు. ఎంఏహెచ్ మాత్రమే వేసి ఊరుకునే బ్యాంకు కొనొద్దనడానికి ఇదొక కారణం.

మరి అన్ని గంటలు ఎలా అంటే, సీటు దగ్గరి పాయింటుకు స్విచ్‌నే నేరుగా తగిలించండి. కన్సోల్‌ని ఛార్జ్ చేసుకోవడానికి అడ్డు లేదు, అడ్డు బ్యాంకుకే. సీటు యూఎస్‌బీ పాయింటు బలం తక్కువగా ఉంటే ఆడుతున్నంతసేపు అంకె పెరగదు, అన్నం తినేటప్పుడో నిద్రపోయేటప్పుడో స్లీప్‌లో పెడితే ఎక్కుతుంది. వెడల్పు పాత పిన్ను కేబుల్ ఇక్కడ పనికొస్తుంది, అదొకటి సంచిలో వేసుకోండి. దుబాయ్‌లో దిగాక గేటు దగ్గర పవర్ బ్యాంకు వాడుకోవచ్చు. అక్కడి గోడ పాయింట్లు లావు మూడు చదరపు పిన్నులవి, మీ అమెరికా ఛార్జరుకు కన్వర్టర్ కావాలి. డల్లాస్‌లో కన్వర్టర్ కూడా అక్కర్లేదు. వెళ్లేలోగా ఎమిరేట్స్ సైటులో పవర్ బ్యాంకు నియమాలు మరోసారి చూసుకోండి, విమాన సంస్థలు వీటిని మారుస్తూనే ఉన్నాయి.

రైలు సంగతి తేలిక. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపాలని రైల్వే 2021లో నిర్ణయించింది. ఆ వేళల్లో బ్యాంకు మీద ఆధారపడతారు కాబట్టి, తగిలించి దిండు కింద తోసి నిద్రపోకుండా చూడండి. పడుకునే ముందు ఎక్కించి, తీసేసి, పడుకోవాలి.

బ్యాంకు ఉబ్బినా, కన్సోల్ వెనక మూత లేచినా, తెర అంచు విడినా, తియ్యటి మందు వాసనలాంటిదేదో వచ్చినా ఇక ఛార్జింగ్ పెట్టకండి. పొడవొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. మండే సామాను లేని చోట, బయట గచ్చు మీద పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల బాధ్యత తయారీదారుదే, కాబట్టి కంపెనీనీ అడగొచ్చు. పొగ మొదలైతే పిల్లల్ని బయటికి పంపి, తలుపులు తీసి, దూరం నుంచే బాగా నీళ్లు పోయండి. గోడకు తగిలించి ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. విమానంలో అయితే ఏదీ ముట్టుకోకుండా సిబ్బందిని పిలవాలి.

పరీక్షలని కన్సోల్‌ని బీరువాలో పెట్టేసేవాళ్లకు ఒక మాట: ఆరు నెలలకోసారైనా ఛార్జ్ చేయమని నింటెండో చెబుతుంది. పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి ఉంటే మళ్లీ ఎక్కకపోవచ్చు. పవర్ బ్యాంకుకూ ఇదే వర్తిస్తుంది. సగం నింపి దాచండి.

మీలాగే అడిగిన వేరే కన్సోళ్ల వాళ్లకు క్లుప్తంగా. స్టీమ్ డెక్ ఓలెడ్ బ్యాటరీ 50 వాట్ అవర్లు, పాతది 40, ఛార్జరు 45 వాట్లది. రోగ్ అలై 40, అలై ఎక్స్ 80 వాట్ అవర్లు, ఛార్జరు 65 వాట్లది. వీటికి 10000 బ్యాంకు ఒక్కసారి నింపడానికి కూడా చాలదు. 20000, పీడీ 45 లేదా 65 వాట్లు చూసుకోండి. చిన్న బ్యాంకు పెడితే చెడిపోదు, ఆడుతుంటే మాత్రం ఎక్కకపోగా నెమ్మదిగా దిగుతుంది. స్విచ్ 2లో 5220 ఎంఏహెచ్ బ్యాటరీ. పైన ఇంకో సీ-టైప్ పోర్టు కూడా పెట్టారు కాబట్టి స్టాండు మీద నిలబెట్టి ఛార్జ్ చేయలేని బాధ పోయింది.

బ్యాంకు డల్లాస్‌లో కొనాలా ఇక్కడ కొనాలా అని మీరు అడగలేదు గానీ, మీ ఆడపడుచు అడుగుతుంది. అక్కడ కొంటే యూఎల్ 2056 అని ఉన్నది చూడమనండి, పవర్ బ్యాంకుల భద్రతకు అక్కడి ప్రమాణం అది. నేనైతే ఇక్కడే కొంటాను. వారంటీ ఇక్కడే కావాలి, కరెంటు పోయేదీ ఇక్కడే.